కొమ్ములోని ఉప్పు

బుద్ధభగవానుడు పరినిర్వాణము నొందిన నూరేండ్లకు వైశాలీనగరమున ఏడువందలమంది భిక్షువులు సమావేశమై పది అంశములను విచారించిరని బౌద్ధవాఙ్మయము చెప్పుచున్నది; ఆ పదింటిలో మొదటిది, కొమ్ములో ఉప్పు దాచుకొనవచ్చునా కూడదా యనునది. బిచ్చమెత్తి తెచ్చుకొన్న అన్నము చప్పగా నున్ననాడు కలుపుకొనుటకై పశువు కొమ్ములో చిటికెడు ఉప్పు వెంట నుంచుకొనుట దోషమా కాదా యని, సర్వసంగపరిత్యాగులైన పెద్దలు దూరదేశములనుండి కాలినడకను వచ్చి కూర్చుండి తర్కించిరనగా నేటి మనకు నవ్వు వచ్చుట సహజమే. కాని వారి తీర్మానమును చదివినచో ఆ నవ్వు నిలువదు. భిక్షువుల నియమగ్రంథమైన వినయపిటకము ఉప్పును ఔషధముగా భావించి బ్రతికినంతకాలము దగ్గఱ నుంచుకొనుటకు అనుమతించియే యున్నది. అదే ఉప్పును అన్నపు రుచికొఱకు దాచినచో అది నిలువచేసిన ఆహారమగుననియు, ఆహారమును నిలువచేయుట భిక్షువునకు తగదనియు ఆ సభ నిర్ణయించినది. కొమ్ము అదే, ఉప్పు అదే, దాచిన చేయి అదే. దాచుటలోని తలంపు మారినంతమాత్రమున అనుమతింపబడిన వస్తువే నిషిద్ధమైనది. ఇంకొక విశేషము: ఉప్పుతో మొదలైన ఆ పట్టిక వెండిబంగారములతో ముగిసినది. ఉపోసథమను పర్వదినమున కంచుపాత్రలో నీరు పోసి ముందుంచి గృహస్థులచేత నాణెములు వేయించుకొనుచున్న వైశాలి భిక్షువులను యశుడను నతడు అడ్డగించుటతోనే ఆ కలహమంతయు పుట్టినది.

ఈ కథ మన కృష్ణాతీరమునకు పరాయిది కాదు. సింహళదేశపు వంశగ్రంథములు ఆ సభలో ఓడినవారే వేఱుపడి మహాసాంఘికులైరని వ్రాసినవి. మహాసాంఘికుల వినయమే వెండిబంగారముల స్వీకారమును నిషేధించుచుండగా ఈ మాట యెట్లు నిలుచునని ఆధునికపండితులు ప్రశ్నించిరి, ఆ ప్రశ్నయే సమంజసముగా నాకు తోచును. ఏది యెట్లున్నను, ఆ మహాసాంఘికుల శాఖలైన చైత్యకులును, పూర్వశైలీయులును, అపరశైలీయులును వేళ్ళూని వర్ధిల్లినది అమరావతి మొదలు ఘంటసాల వఱకు గల ఈ నేలమీదనే. 7వ శతాబ్దిలో చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ధాన్యకటకదేశమున నెలలతరబడి నిలిచి ఇద్దరు మహాసాంఘిక భిక్షువులవద్ద అభిధర్మము చదువుకొనెను. అతడు వర్ణించిన కొండవిహారములు బెజవాడ కొండలమీదివే యని వాదించిన చరిత్రకారులును గలరు. కనుక ఎంత వస్తువు చాలును, ఏది యుపకరణము, ఏది పరిగ్రహము అను విచారణ ఈ డెల్టాకు నిన్న మొన్న వచ్చినది కాదు.

అది నాకు మరల స్ఫురించుటకు కారణము గుడివాడ ప్రాంతపు ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు. ఆయన తన చుట్టుపట్ల గ్రామముల పేళ్ళకు గల కథలను, పూడిపోయిన చెఱువుల గుర్తులను, గుళ్ళలోని శాసనముల నకళ్ళను, 1977 నవంబరునాటి దివిసీమ ఉప్పెననుగూర్చి బ్రతికి బయటపడినవారు చెప్పిన మాటలను ఏండ్లతరబడి నోటుపుస్తకములలో వ్రాసి పెట్టుకొనియుండెను. అవి చెదలపాలు గాకుండుటకై సొంతముగా ఒక వెబ్‌సైటు పెట్టుకొనదలచి, బెజవాడ గవర్నరుపేటలో ఆ పనులు చేసిపెట్టు ఒక కుఱ్ఱవానిని ఆశ్రయించెను. కుఱ్ఱవాడు మంచివాడు, పనియెఱిగినవాడు. డొమైను కొనియిచ్చి, హోస్టింగు కుదిర్చి, వర్డ్‌ప్రెస్ ఎక్కించి, ఒక ప్లగిన్ తరువాత ఒక ప్లగిన్ చేర్చుచు, మాస్టారు సందేహించినప్పుడెల్ల ఒక్క మాటే అనుచుండెను: “ఉచితమేనండీ మాస్టారూ, పెట్టుకుంటే పోయేదేముందండీ?”

ఈ ప్రశ్నను నేను తేలికగా తీసికొనను. పెట్టుకొన్నంతమాత్రమున పోవునది ఏమి? యోగశాస్త్రమున యమములలో అపరిగ్రహమును అహింసాసత్యముల సరసన ఎందుకు కూర్చుండబెట్టిరి? జైనులలో ఒక్క వస్త్రఖండమునుగూర్చి దిగంబర శ్వేతాంబర సంప్రదాయములు ఎందుకు విడిపోయినవి? ధనముతో కొన్న వస్తువునకు ధనమే ఒక హద్దు. ఉచితముగా వచ్చు వస్తువునకు గ్రహీత మనస్సు తప్ప వేఱు హద్దు లేదు. అందుచేతనే కాబోలు, పరిగ్రహమునుగూర్చి సూక్ష్మాతిసూక్ష్మముగా ఆలోచించినవారందఱును బిచ్చమెత్తి బ్రతికినవారే.

వెబ్‌సైటు సంగతి ఎఱుగనివారికొఱకు రెండు మాటలు. వర్డ్‌ప్రెస్ అను సాఫ్ట్‌వేరును మ్యాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు 2003 మే నెలలో, అంతకుముందే యున్న మఱియొక ఉచితసాఫ్ట్‌వేరునుండి చీల్చి వెలువరించిరి. మఱుసటియేడు దానికి ప్లగిన్ల పద్ధతి యేర్పడినది; అనగా మూలమును తాకనక్కఱలేకుండ ఎవరికి వలసిన అంగమును వారు తగిలించుకొనుటకు వీలు కలిగినది. ఇప్పుడు వర్డ్‌ప్రెస్ వారి పట్టికలో ఏబదివేలకు మించిన ప్లగిన్లు ఉచితముగా లభించును. వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనదానికి ప్రయోజనమే లేదు. ‘హలో డాలీ’ యనునది ముల్లెన్‌వెగ్ స్వయముగా వ్రాసి వర్డ్‌ప్రెస్‌తో కలిపి పంపినది; లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన పాటలోని ఒక్కొక్క పంక్తిని యాదృచ్ఛికముగా తెరపై మూల చూపుట తప్ప అది మఱేమియు చేయదు. పనియేమియు చేయని ఆ చిన్న వస్తువుపై నాకు గౌరవము కలదు. మిగిలినవన్నియు ఎంతో చేయుదుమని చెప్పును, చిక్కంతయు అక్కడనే.

బౌద్ధభిక్షువునకు అనుమతింపబడిన ఉపకరణములు ఎనిమిది: మూడు చీవరములు, భిక్షాపాత్రము, క్షురము, సూది, నడికట్టు, నీళ్ళు వడగట్టుకొను గుడ్డ. ఈ పట్టికలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఆ చివరిది. తక్కిన యేడును దేహధారణకు వలసినవి. వడకట్టు మాత్రము నీటిలోని సూక్ష్మజీవులు తన దప్పికకు బలిగాకుండుటకై ఉద్దేశింపబడినది. పరులకొఱకు మోయవలసిన వస్తువు నొకదానిని సన్న్యాసికి తప్పనిసరి చేసిన బుద్ధి గొప్పది. మాస్టారి వెబ్‌సైటుకు మొదట కావలసి వచ్చినదియు అట్టి వడకట్టే. ఆయన ఒక గ్రామనామముపై వ్యాసము పెట్టిన కొలదినాళ్ళకే, దాని క్రింద జూదపు కంపెనీల ప్రకటనలును, అర్థములేని రష్యన్ అక్షరముల వరుసలును వచ్చి చేరజొచ్చినవి. 2005లో పుట్టిన అకిస్మెట్ మొదలైనవి ఈ పనికొఱకు ఏర్పడిన ప్లగిన్లు. ఒకటి పెట్టగానే చెత్త ఆగినది. అయితే వడకట్టునకును కాపలా వలయును. తన తాతగారి ఊరి పేరు చూచి పరదేశమునుండి ఆనందముతో ఒక గృహిణి వ్రాసిన నాలుగు వాక్యములు, అందులో రెండు లంకెలుండుటచేత చెత్తబుట్టలో పడియుండగా, మాస్టారు ఏదో వెదకుచు చూచి పైకి తీసెను.

రెండవది బ్యాకప్ తీసి మఱియొకచోట దాచు ప్లగిన్. దీనినిగూర్చి వాదము లేదు. మూడవది పుటను త్వరగా తెఱచు క్యాషె ప్లగిన్. అవనిగడ్డ అవతల సిగ్నలు అంతంతమాత్రముగా నుండు చోట పాత ఫోనులో చదువువాడు నిరీక్షింపవలసిన పని తప్పించునది గనుక ఇదియు పరులకొఱకైన వస్తువే. నాలుగవది ఫాంటునుగూర్చిన ప్రశ్న. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణుల పేళ్ళతో ముచ్చటైన తెలుగు ఫాంట్లు ఉచితముగా దొరకుచున్నవి. శీర్షికకు ఒకటి, వ్యాసమునకు ఒకటి, ఉపశీర్షికకు మఱియొకటి యని కుఱ్ఱవాడు మూడింటిని దింపెను. తెలుగు ఫాంటు, గుణింతములకును ఒత్తులకును వేఱువేఱు రూపములు చేర్చుకొనవలసినదగుటచేత, ఇంగ్లీషుదానికంటె బరువైనది. ప్రతి పాఠకుడును ఆ బరువును తన డేటాఖర్చుతో దింపుకొనవలయును. మాస్టారు రెండు తీసివేయించి, ఒక్కదానితో సరిపెట్టుకొనెను. అది నాకు న్యాయముగనే తోచినది.

ఇంతవఱకు చిక్కు లేదు. చిక్కు లెక్కపెట్టు ప్లగిన్‌తో వచ్చినది.

అది పెట్టిననాటినుండి మాస్టారి తెరపై ఉదయమున మొదట కనబడునది నీలపు కమ్మీల పటము. దినమునకు ఒక కమ్మీ. కమ్మీ క్రింద తేదీ. ప్రక్కన ఏ పుటను ఎందఱు తెఱచిరో, ఏ దేశమునుండి వచ్చిరో చూపు పట్టిక. చెఱువుల పేళ్ళమీద ఆయన వ్రాసిన వ్యాసము, వ్రాయుటకు ఒక వేసవి పట్టినది, పొట్టి కమ్మీగా నిలిచినది. తమ ఊళ్ళో ఒకప్పుడు జరిగిన సినిమా షూటింగును తలచుకొని సాయంకాలము కూర్చుండి వ్రాసిన అరపుట మాత్రము పటము పైయంచును తాకినది. ఆ తరువాత ఆయన ఎవరికిని చెప్పకయే, తాను గూడ గమనింపకయే, సినిమావారి జ్ఞాపకములు మఱి మూడు వ్రాసెను. శాసనముల నోటుపుస్తకము మూతపడియుండెను. ఎవరును ఆయనను బలవంతపెట్టలేదు. ప్లగిన్ ఆయనకు అబద్ధము చెప్పలేదు. అది చెప్పిన సత్యమే ఆయనను ప్రక్కకు త్రిప్పినది.

భగవద్గీత రెండవ యధ్యాయమున కర్మఫలమునుగూర్చి చెప్పబడినదానిని మనవారు తఱచుగా, ఫలమును చూడనే కూడదు అన్నట్లు వ్యాఖ్యానింతురు. అది అంత సరళమైన నిషేధము కాదు. రైతు ఫలము చూడకుండ ఉండలేడు. వైద్యుడు రోగికి నయమైనదో లేదో చూడకుండుట ధర్మము కాదు. అక్కడ నిషేధింపబడినది కర్మకు ఫలమే హేతువగుట, అనగా రేపటి పనికి నిన్నటి మెప్పు యజమాని యగుట. ఈ దృష్టితో చూచినచో ఆ లెక్కల పటము స్వతహాగా పాపమును గాదు, పుణ్యమును గాదు. ఒక పుటలోని లంకె తెగిపోయి పాఠకులు వెనుదిరిగిపోవుచున్నారని అదియే మాస్టారికి తెలిపినది. వెదకువారు ఊరిపేరును ఏ వర్ణక్రమముతో వెదకుచున్నారో చూచి ఆయన పాతపేరును గూడ వ్యాసమున చేర్చెను. అప్పుడది ఔషధము. ప్రొద్దున లేచి కాఫీకంటె ముందు చూచుకొనునపుడు అది రుచి. రెండింటికిని నడుమ గీత యెక్కడ గీయవలెనో పైనుండి ఎవరును చెప్పలేరు. చూచినదానివలన రేపు వ్రాయబోవునది మారుచున్నదా, వ్రాసినదానిలోని దోషము మాత్రమే మారుచున్నదా యని వ్రాయువాడే తన్ను తాను అడిగికొనవలయును. నా అభిప్రాయమడిగినచో, ఏ ప్రచురణకర్తయు రోజూ లెక్క చూపని కాలమున మన రచయితలు నష్టపోయినదానికంటె నిలుపుకొన్నదే యెక్కువ యందును. దీనిని మాస్టారు ఒప్పుకొనలేదు. ఉత్తరము వచ్చిన కాలములో పోస్టుమాన్ కొఱకు రచయితలు వీధిలో నిలువబడలేదా యని ఆయన యడిగెను. ఆ ప్రశ్నలో బలము కలదు.

ఇక ఉచితమను మాటకు రెండవవైపు. వినయపిటకమున సూదిపెట్టెలనుగూర్చి ఒక నియమమున్నది. కపిలవస్తునగరమున దంతపుపని చేయువా డొకడు భిక్షువులకు సూదిపెట్టెలు కావలసినచో అడుగుడని ఆహ్వానించెనట. వారు అడుగసాగిరి. చిన్నవి గలవారు పెద్దవి, పెద్దవి గలవారు చిన్నవి అడిగిరి. అతడు వారికి చేయుచు చేయుచు అమ్ముకొనుటకు వేఱు సరకు చేయలేకపోయెను. అతని భార్యాబిడ్డలు ఇడుమల పాలైరి. ఎముకతో, దంతముతో, కొమ్ముతో చేసిన సూదిపెట్టె నిషిద్ధమని అప్పుడు శాసింపబడినది. ఈ కథలో దాత దుష్టుడు గాడు, గ్రహీతలు దొంగలు గారు. అడిగినవా రొక్కొక్కరును ఒక్కొక్క చిన్నవస్తువునే అడిగిరి. ఉచితముగా ప్లగిన్లు వ్రాసి లోకమునకు పెట్టువారి స్థితి నేడు చాలచోట్ల ఇదియే. ఉద్యోగము ముగించుకొని వచ్చి రాత్రివేళ వ్రాసిన వస్తువును లక్షలమంది తగిలించుకొందురు. మఱునాడు అది పనిచేయలేదని కోపముతో వ్రాయుదురు. కృతజ్ఞతగా వ్రాయువారు అరుదు. ఒకనాటికి ఆ దాత అలసి విడిచిపెట్టును, లేదా అమ్మివేయును. 2017లో ‘డిస్‌ప్లే విడ్జెట్స్’ అను ప్లగిన్ అట్లే చేతులు మారినది. రెండులక్షల వెబ్‌సైట్లలో నమ్మకముగా పనిచేయుచున్న ఆ వస్తువులో క్రొత్త యజమాని దొంగదారి నొకదానిని అమర్చి, ఆ వెబ్‌సైట్లమీద తన ప్రకటనపుటలను రహస్యముగా ఎక్కించుకొనజొచ్చెను. 2020 సెప్టెంబరులో ‘ఫైల్ మేనేజర్’ అను మఱియొకదానిలోని లోపము ఏడులక్షల వెబ్‌సైట్లను దొంగలకు తెఱచియిచ్చినది. పెట్టుకొంటే పోవునది ఏమి యనుటకు ఇది లౌకికమైన సమాధానము. అప్‌డేటు ఎప్పుడు వచ్చినది, ఇప్పటి వర్డ్‌ప్రెస్‌తో పరీక్షింపబడినదా, వ్రాసినవాడు ప్రశ్నలకు బదులిచ్చుచున్నాడా అని ఆ పట్టికలోనే చూడవచ్చును. చూడక పెట్టుకొనుట, దాత యెవడో యెఱుగక దానము పట్టుట.

కాలువలలో గుఱ్ఱపుడెక్కను ఎఱుగనివారు ఈ డెల్టాలో లేరు. ఊదారంగు పూవు చూచి ముచ్చటపడి 19వ శతాబ్ది చివర వంగదేశమునకు తెచ్చుకొన్న ఆ మొక్క నేడు మన పంటకాలువల నీటిదారి నడ్డుచున్నది. పీకించుటకు ఏటేట కూలి యిచ్చుచున్నాము. ముప్పది ప్లగిన్లు గల వెబ్‌సైటు తెఱచుకొనుటకు పట్టు సమయమును చూచినపుడు నాకు అదియే గుర్తువచ్చును.

అయితే అల్పపరిగ్రహమునే సిద్ధాంతముగా స్తుతించి ఊరకుండుటకు అమరావతి స్తూపము అడ్డువచ్చుచున్నది. ఎనిమిది వస్తువులతో బ్రతుకుమని భిక్షువునకు చెప్పిన ఆ ధర్మమే, అదే భిక్షువుల కన్నులయెదుట, ఆ మహాస్తూపమును పలకపలకకు శిల్పములతో నింపినది. ఒక్కొక్క పలకను ఒక్కొక్కరు ఇచ్చిరి. వారిలో గృహపతులు, గృహిణులు, భిక్షుణులు గూడ కలరు. విధికుడను చర్మకారుడు తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటము చెక్కిన పలకను సమర్పించి ఆ సంగతిని దానిమీద చెక్కించెను. అతని వృత్తి నేటికిని ఆ రాతిమీద చదువవచ్చును. ఈ అలంకారమును ఏ సభయు పరిగ్రహమని నిందించినట్లు కానరాదు. కారణము స్పష్టమే: పాత్రము ఒకనిది, స్తూపము అందఱిది. ఒకని చేతిలో ఎంత తక్కువయుండిన అంత మేలు. పదిమంది ప్రదక్షిణము చేయుచోట ఎంతమంది ఎన్ని పలకలు నిలిపిన అంత మేలు.

నేడు అట్టి స్తూపము లేకపోలేదు. 2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియా అట్టిది. దాని దశాబ్ది యుత్సవము 2014 ఫిబ్రవరిలో ఈ విజయవాడలోనే జరిగినది. అక్కడ మూసలు, వర్గములు, పటములు, బాట్లు ఎన్ని చేరినను అవి ఎవని సొత్తును గావు. విధికుని పలకవలె ఒక్కొక్కటి ఒక్కొక్కరు నిలిపినవి. మాస్టారు శాసనముల నకళ్ళను అక్కడ చేర్చినచో నాకు సంతోషమే. కాని ఆయన కుదిర్చికొన్నది స్తూపము గాదు, పాత్రము. సొంత వెబ్‌సైట్లు నడపువారిలో నాకు తఱచుగా కానవచ్చు భ్రాంతి యిదియే: ఒక్కని గొంతు వినిపించు చోటును పదిమంది సంస్థకు తగిన హంగులతో నింపుట. షేర్ బటన్లు వరుసగా తేలుచుండును. చదువుచుండగా నడుమ పెట్టె లేచి మీ ఈమెయిలు ఇండు అనును. అడుగున చాట్ బుడగ నవ్వుచు నిలుచును, దాని వెనుక మాటాడువాడు లేడు. చెఱువు పేరు తెలిసికొనవచ్చిన పాఠకుడు ఇందఱు ద్వారపాలకులకు నమస్కరించి లోనికి పోవలయును. తక్కువ చదువరులు గల ఒక ముసలి ఉపాధ్యాయునికి ఈ ద్వారపాలకులు ఎందుకని ప్రశ్నించుట ఆయనను తక్కువచేయుట కాదు.

వినయములోని మఱియొక నియమము నాకు మిక్కిలి యిష్టమైనది. పాతపాత్రమునకు అయిదు అతుకులైనను పడకముందు భిక్షువు క్రొత్తపాత్రము నడుగరాదు. అతుకులతోడి వస్తువును వాడుకొనుట దీనత్వమని ఆ ధర్మకర్తలు భావింపలేదు. మాస్టారి వెబ్‌సైటు థీము పాతది. మూలలు నున్నగా లేవు. తేదీలు ఇంగ్లీషులో పడుచున్నవి. తేదీలను తెలుగు చేయుటకు ప్లగిన్ అక్కఱలేదు, సెట్టింగులలో భాషను తెలుగునకు మార్చిన చాలునని కుఱ్ఱవాడే చివరకు కనిపెట్టెను. క్రొత్త వస్తువు తెచ్చుటకంటె ఉన్నదానిని పూర్తిగా ఎఱుగుట కష్టమని అతడు ఆనాడు నాతో అన్నమాట, చదువుకొన్న వేదాంతికంటె ఏమాత్రమును తీసిపోవునది గాదు.

కడపట మాస్టారు నాలుగింటి నుంచుకొని తక్కినవానిని తీసివేయుమనెను. లెక్కల ప్లగిన్ ఆ నాలుగింటిలో నున్నదా లేదా అనునది మాలో మాకు ఇంకను తెగని వివాదము. దానిని నెలకొకసారి తెఱతునని ఆయన యనును, ఆయన మనుమరాలు నవ్వును. తీసివేతలో మాత్రము ఒక వింత బయటపడినది. ప్లగిన్‌ను తొలగించినను అది డేటాబేసులో వ్రాసిపెట్టుకొన్న పట్టికలు, ఎంపికలు తఱచుగా అట్లే నిలిచియుండును. కర్మ పోయినను సంస్కారశేషము నిలుచునని యోగశాస్త్రము చెప్పినది ఇంత ప్రత్యక్షముగా చూచుట నాకు అపూర్వము. “ఉన్నా నష్టం లేదండీ, పైకి కనిపించవు” అని కుఱ్ఱవాడు అనెను. కనిపింపనిదే తనకు నష్టమని మాస్టారు పట్టుపట్టెను. సరే యని అతడు ముందుగా బ్యాకప్ తీసి, డేటాబేసు తెఱచి, ఆ పట్టికల పేళ్ళను ఒక్కొక్కటిగా చదివి ఏది యెవరిదో గుర్తుపట్టి తొలగింప మొదలిడెను. నడుమ తల యెత్తి, ఈ శేషములను తుడుచుటకు గూడ ఒక మంచి ప్లగిన్ ఉన్నదనియు, అదియు ఉచితమే యనియు చెప్పెను. “చేత్తోనే చెయ్యి బాబూ” అని మాస్టారు కుర్చీ దగ్గఱకు జరుపుకొనెను.